ఆన్‌లైన్ విత్తన విపణి: రైతు నమ్మకానికి పడుతున్న గండి

సెల్‌ఫోన్‌లో మిరప విత్తనం కొన్న ఒక రైతు అనుభవాన్ని తేదీల వారీగా పరిశీలించవచ్చు. ఆర్డరు పెట్టిన నాలుగో రోజునో ఐదో రోజునో పొట్లం ఇంటికి చేరుతుంది. ఆ మరునాడే కొనుగోలు ఎలా ఉందో చెప్పమని ఫోను అడుగుతుంది. పొట్లం చినగలేదు, చెప్పిన గడువుకే వచ్చింది, బొమ్మలో చూపినట్లే ఉంది కనుక రైతు ఐదు నక్షత్రాలు నొక్కుతాడు. అప్పటికి విత్తనం ఇంకా నారుమడి చేరలేదు. ప్రయోగశాలలో సైతం మిరప మొలక పరీక్షకు తుది లెక్కింపు 14వ రోజున జరుగుతుంది. నారు నాటుకు రావడానికి సుమారు ఆరు వారాలు పడుతుంది. పూత వచ్చి, కాయ దిగి, ఆ కాయ పొడవు, రంగు, ముడత తాను కోరుకున్న రకానివేనా అని తేలేసరికి మూడు నెలలు దాటిపోతాయి. ఆ రోజున రైతు పొలంలో నిలబడి ఏమనుకుంటున్నాడో ఏ ఫోనూ అడగదు.

తెరమీద కనిపించే నక్షత్రాలు పొట్లం మోసుకొచ్చిన వారి పనితనానికి పడినవి. పంటకు పడిన మార్కులు వేరు, అవి ఎక్కడా నమోదు కావు. చీరకో, చెప్పులకో, చరవాణికో సరిపోయే మదింపు పద్ధతిని విత్తనానికి, పురుగుమందుకు, జీవన ఎరువుకు యథాతథంగా వర్తింపజేయడం వల్ల నిజాయితీ లేని విక్రేతకు అనాయాసంగా మూడు నాలుగు నెలల రక్షణ లభిస్తోంది. ఆ వ్యవధిలో అతడు సరుకు అమ్ముకుని, దుకాణం పేరు మార్చుకుని, మరో పేరుతో తిరిగి తెరమీదికి రావచ్చు. నష్టపోయినది ఆ ఒక్క రైతు మాత్రమే అయితే ఈ చర్చకు అంత ప్రాధాన్యం ఉండేది కాదు. తరువాతి కాలంలో నాణ్యమైన విత్తనం తెచ్చిన విక్రేత కూడా ఆ అపనమ్మకానికి మూల్యం చెల్లించవలసి వస్తుంది.

ఈ పరిణామాన్ని అర్థశాస్త్రం చాలాకాలం క్రితమే గుర్తించింది. జార్జ్ అకెర్లాఫ్ 1970లో ప్రచురించిన 'లెమన్స్' వ్యాసం అమెరికాలోని పాత కార్ల విపణి ఉదాహరణతో మొదలవుతుంది. లోపమున్న కారును అక్కడి వాడుకలో 'లెమన్' అంటారు. మూడు పత్రికలు తిరస్కరించిన తరువాత వెలువడిన ఆ వ్యాసం ప్రభావం ఎంతటిదంటే, 2001లో మైకేల్ స్పెన్స్, జోసెఫ్ స్టిగ్లిట్జ్‌లతో కలిసి ఆయన అర్థశాస్త్ర నోబెల్ పురస్కారాన్ని అందుకున్నారు. ఆ వ్యాసంలో భారతదేశ ప్రస్తావన ఉన్న సంగతి మన విద్యార్థులలో చాలామందికి తెలియదు. బజారులో కొన్న బియ్యంలో అదే రంగు, అదే ఆకారం గల రాళ్లను కావాలనే కలపడం వల్ల భారతీయ గృహిణి వాటిని జాగ్రత్తగా ఏరుకోవలసి వస్తున్నదని ఆయన ఉదాహరించారు. చేటలో బియ్యం పోసి రాళ్లు ఏరిన ప్రతి ఇంటికీ ఈ సిద్ధాంతం అనుభవపూర్వకంగా తెలిసినదే. అయితే బియ్యంలో రాయి చేటలో దొరుకుతుంది. విత్తనంలోని మోసం చేటకు చిక్కదు.

అకెర్లాఫ్ వాదనను విత్తనానికి అన్వయిస్తూ ఒక ఊహాత్మక లెక్క వేయవచ్చు. నాణ్యమైన పొట్లం విలువ రైతు దృష్టిలో 900 రూపాయలు, నకిలీది 100 రూపాయలు అనుకుందాం. రెండూ ఒకే రకమైన సంచిలో, ఒకే రకమైన బొమ్మతో ఉన్నాయి. రెండింటిలో ఒకటి నకిలీ కావచ్చునని భావించిన రైతు సగటున 500 రూపాయలకు మించి ఇవ్వడు. నాణ్యమైన విత్తనం తయారీకే 700 రూపాయలు ఖర్చయ్యే విక్రేత ఆ ధరకు అమ్మలేక విపణి నుండి తప్పుకుంటాడు. అతడు తప్పుకోగానే మిగిలిన సరుకులో నకిలీ వాటా పెరుగుతుంది, రైతు ఇవ్వజూపే ధర ఇంకా తగ్గుతుంది. ఈ విధంగా చెడ్డ సరుకు మంచి సరుకును వెళ్లగొడుతుంది. వంచన వల్ల సమాజానికి కలిగే నష్టంలో మోసపోయినవారి సొమ్ముతో పాటు మూతపడిన నిజాయితీ గల వ్యాపారాన్ని కూడా కలిపి లెక్కించాలన్నది అకెర్లాఫ్ చేసిన ముఖ్యమైన హెచ్చరిక. పై లెక్కలో ఒక లోపం ఉంది. నకిలీ విత్తనం విలువను 100 రూపాయలుగా చూపడం ఉదారమే. దున్నకం, కౌలు, ఎరువు, కూలి, అన్నిటికంటే ముఖ్యంగా తిరిగిరాని అదును, ఇవన్నీ కలిపితే దాని విలువ సున్నాకు ఎంతో దిగువన ఉంటుంది.

చూసి కొనే సరుకు, వాడి తెలుసుకునే సరుకు అన్న భేదాన్ని ఫిలిప్ నెల్సన్ అదే 1970లో ప్రతిపాదించారు. వాడిన తరువాత కూడా సామాన్యుడు నిర్ధారించుకోలేని సరుకులు కొన్ని ఉంటాయని 1973లో డార్బీ, కార్నీ దానికి మూడో తరగతిని చేర్చారు. వ్యవసాయ ఉపకరణాలను ఈ మూడు తరగతులలోనూ చూడవచ్చు. కొడవలి, పార, స్ప్రేయరు మొదటి తరగతివి. విత్తనం రెండోది. జీవన ఎరువులు, వృద్ధి ఉత్ప్రేరకాలు, 'సహజ' పురుగుమందులు చాలావరకు మూడో తరగతికే చెందుతాయి. పంట బాగా వస్తే అది మందు వల్లనో వాన వల్లనో చెప్పగలవారు ఎవరు? 'సహజ' మందులో రహస్యంగా రసాయన మందు కలిపితే పురుగు చస్తుంది, రైతు సంతోషించి మంచి సమీక్ష కూడా రాస్తాడు. ఈ మూడు తరగతులకూ ఆన్‌లైన్ వేదిక మీద ఒకే ఐదు నక్షత్రాల కొలబద్ద ఉంది.

రెండో తరగతిలోనూ అన్ని మోసాలూ ఒకే సమయంలో బయటపడవు. కాలం చెల్లిన విత్తనం రెండు వారాలలో పట్టుబడుతుంది. సంకర విత్తనం పేరిట ఎఫ్-2 తరం గింజలను అమ్మితే అవి చక్కగా మొలుస్తాయి. తడి గోనెసంచిలో వంద గింజలు చుట్టి చేసే ఇంటి పరీక్షలోనే కాక, ప్రయోగశాలలో 400 గింజలతో చేసే మొలక పరీక్షలోనూ అవి నెగ్గుతాయి. లక్షణాల విభజన జరిగి పొట్టి మొక్క, పొడుగు మొక్క, ముందు కాసినది, వెనుక కాసినది కలగలిసి కనిపించినప్పుడే అసలు సంగతి తెలుస్తుంది. ధ్రువీకరణ ప్రమాణాల ప్రకారం వరికి 80 శాతం, మిరపకు 60 శాతం కనీస మొలక ఉండాలని విస్తరణ సిబ్బంది రైతులకు నిత్యం చెబుతుంటారు. అది అవసరమే, కాని జన్యు స్వచ్ఛత గురించి ఆ సంఖ్య ఏమీ చెప్పదు. దానికి పొలంలో పెంచి చూసే గ్రో-అవుట్ పరీక్ష గాని, డీఎన్‌ఏ గుర్తుల పరీక్ష గాని కావాలి.

నక్షత్రాల పద్ధతి పూర్తిగా వ్యర్థమని ఇక్కడ వాదించడం లేదు. ఈబే సంస్థ 1990ల మధ్యకాలంలో అపరిచితుల మధ్య వ్యాపారం నడిపించగలిగినది ఈ పరస్పర మదింపు బలంతోనే. 2006లో ప్రచురితమైన ఒక నియంత్రిత ప్రయోగంలో పాల్ రెస్నిక్ బృందం ఒకే విక్రేత చేత పాత పోస్టుకార్డులను పేరున్న ఖాతా నుండి, కొత్త ఖాతాల నుండి అమ్మించి చూసింది. పేరున్న ఖాతాకు కొనుగోలుదారులు 8.1 శాతం ఎక్కువ ధర చెల్లించడానికి సిద్ధపడ్డారు. అంటే మంచిపేరుకు విపణిలో ధర ఉంది. ధర ఉన్నదానికి నకిలీ కూడా పుడుతుంది. అమెజాన్ వేదిక మీద నకిలీ సమీక్షలు కొన్న విక్రేతలను హీ, హోలెన్‌బెక్, ప్రోసెర్పియో అధ్యయనం చేసి 2022లో ప్రచురించారు. కొన్న సమీక్షలతో సగటు రేటింగు, అమ్మకాలు పెరిగాయి. కొనడం ఆపిన కొద్దికాలానికే రేటింగు పడిపోయి, ఒక నక్షత్రం సమీక్షల వాటా పెరిగింది. విపణి చివరికి తప్పు దిద్దుకుంటుందనడానికి దీనిని ఆధారంగా చూపేవారున్నారు. నెలలో అరిగిపోయే వస్తువు విషయంలో ఆ మాట కొంత నిజం. అదును దాటాక దిద్దుకున్న తప్పు వల్ల ఖరీఫ్ రైతుకు ఒరిగేదేమీ లేదు.

నకిలీ సమీక్షలకూ విత్తనానికీ గల సంబంధం 2020లో విచిత్రంగా బయటపడింది. ఆ సంవత్సరం జులైలో అమెరికాలోని అనేక రాష్ట్రాలలో ప్రజలకు, తాము అడగకుండానే, చాలావరకు చైనా నుండి వచ్చినట్లున్న విత్తన పొట్లాలు అందినట్లు ఫిర్యాదులు వెల్లువెత్తాయి. వాటిలో కొన్ని తాము ఆర్డరు చేసి మరిచిపోయినవేనని తరువాతి పాత్రికేయ పరిశోధనలో తేలినప్పటికీ, అప్పటికి అక్కడి వ్యవసాయ శాఖ అనుమానించినది 'బ్రషింగ్' అనే మోసాన్ని. విక్రేత తానే ఒక నకిలీ ఆర్డరు సృష్టించి, ఎవరి చిరునామాకో చవకైన సరుకు పంపి, ఆ వ్యక్తి పేరిట తానే ఐదు నక్షత్రాల సమీక్ష రాసుకోవడమే బ్రషింగ్. తూకం తక్కువ, ధర తక్కువ కనుక అందుకు విత్తనం అనువైనది. ఆగస్టులో మన కేంద్ర వ్యవసాయ మంత్రిత్వ శాఖ కూడా ఇటువంటి అనుమానాస్పద పొట్లాల విషయంలో అప్రమత్తంగా ఉండాలని రాష్ట్రాలను, విత్తన పరిశ్రమను హెచ్చరించింది. తెగుళ్లు, కలుపు జాతులు దేశంలోకి ప్రవేశించే ప్రమాదమే ఆ హెచ్చరికకు ప్రధాన కారణం.

నగరాలలోని మిద్దెతోటల పెంపకందారులు ఈ మోసానికి మరింత సులువుగా లోనవుతున్నారు. నీలిరంగు స్ట్రాబెర్రీ విత్తనాలు, ఏడు రంగుల గులాబీ విత్తనాలు అంటూ కనిపించే ప్రకటనలు ఇందుకు నిదర్శనం. నీలి స్ట్రాబెర్రీ అనేది లేదు. ఏడు రంగుల గులాబీ అనేది కోసిన పువ్వు కాడను చీల్చి రంగునీటిలో ఉంచి తయారుచేసిన అలంకరణ. పైగా వాణిజ్యపరంగా స్ట్రాబెర్రీని తీగల ద్వారా, గులాబీని కంటి అంటు ద్వారా ప్రవర్ధనం చేస్తారన్న ప్రాథమిక విషయం తెలిస్తే ఆ ప్రకటన దగ్గరే అనుమానం కలగాలి. వంద రూపాయలు పోయాయని నవ్వుకుని ఊరుకునే ఈ కొనుగోలుదారు ఫిర్యాదు చేయడు. అదే విక్రేత రేపు కూరగాయల రైతు దగ్గరకు వస్తాడు.

'మియాజాకి' మామిడి అంటు వ్యవహారం ఇంతకంటే ఖరీదైనది. జపాన్‌లోని మియాజాకి ప్రాంతంలో అత్యధిక ధర పలికే ఆ పండు ఫ్లోరిడాలో రూపొందిన ఇర్విన్ అనే రకానికి చెందినది. దాని ధర వెనుక హరితగృహంలో పెంపకం, పండు తనంతట తాను రాలేవరకు వలలో ఉంచడం, తీపి, బరువు, రంగు ప్రమాణాలకు అనుగుణంగా వర్గీకరించడం వంటి శ్రమ ఉంది. ఈ వ్యవస్థ ఏదీ లేకుండా అంటు మాత్రమే వేలాది రూపాయలకు కొన్న రైతుకు, అది నిజంగా ఇర్విన్ అయినా, ఆ ధర రాదు. వేరే రకమైతే ఆ విషయం తెలియడానికే మూడు నాలుగేళ్లు పడుతుంది. వస్తువు వాపసు గడువు సాధారణంగా వారం పది రోజులు. మొక్కలకు, విత్తనాలకు చాలాచోట్ల అదీ ఉండదు.

నక్షత్రాల విషయంలో సస్యశాస్త్ర దృష్టితో చూస్తేనే కనిపించే మరో లోపం ఉంది. సమీక్షలు ఆన్‌లైన్ పేజీకి అతుక్కుని ఉంటాయి, విత్తన నాణ్యత లాట్‌కు సంబంధించినది. ఒకే రకం, ఒకే సంస్థ, ఒకే పేజీ అయినా నిరుటి లాట్ వేరు, ఈ ఏటి లాట్ వేరు. నిరుడు మంచి విత్తనం కొన్నవారి మెచ్చుకోళ్లు ఈ ఏటి పాత నిల్వ మీద మెరుస్తుంటాయి. ఇంకా తెగించినవారు, ఏ పూలకుండీకో వచ్చిన సమీక్షలున్న పాత పేజీలో బొమ్మ, పేరు మార్చి విత్తనం అమ్ముతారు. వంచన లేకపోయినా ఇదే చిక్కు. విత్తనంలో తేమ ఒక శాతం తగ్గినా, నిల్వ ఉష్ణోగ్రత 5 డిగ్రీల సెల్సియస్ తగ్గినా నిల్వ ఆయుష్షు దాదాపు రెట్టింపవుతుందన్న హారింగ్టన్ సూత్రం ప్రతి విత్తనశాస్త్ర విద్యార్థికీ తెలిసినదే. దానిని తిరగవేసి చదివితే, మే నెల ఎండలో రేకుల గోదాములో పడి ఉన్న పొట్లానికి ఏమవుతుందో ఊహించవచ్చు. అక్కడ విక్రేత నిజాయితీపరుడే, విత్తనమూ అసలైనదే, మొలక మాత్రం పోయింది. రైతు దృష్టిలో అతడూ మోసగాడే.

మోసగాడికి ఈ అస్పష్టతే కవచం. లోతుగా విత్తారు, నీరు ఎక్కువ పెట్టారు, మీ నేలలో చౌడు ఉంది అని అతడు తప్పించుకోగలడు. ఆ మాటలు కొన్ని సందర్భాలలో నిజం కూడా కావడం వల్ల రైతు తనను తానే అనుమానించుకుంటాడు.

నమ్మకం ఒకసారి చెదిరితే ఏమవుతుందో ఆఫ్రికాలో జరిగిన రెండు అధ్యయనాలను పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. అవి ఆన్‌లైన్ విపణికి సంబంధించినవి కావు, గ్రామ దుకాణాలకు సంబంధించినవి. అయినా ఇక్కడ వర్తిస్తాయి. ఉగాండాలో టెస్సా బోల్డ్ బృందం 2017లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, దుకాణాలలో కొన్న ఎరువులో సగటున 30 శాతం పోషకం లోపించింది. సంకర మొక్కజొన్నగా అమ్మిన విత్తనంలో అసలైనది సగానికి లోపే. అక్కడ రైతు అనుమానానికి ఆధారం ఉంది. టాంజానియాలో హోప్ మైకెల్సన్ బృందం 2021లో ప్రచురించిన పరిశోధనలో పరీక్షించిన ఎరువులు పోషక ప్రమాణాలకు అనుగుణంగానే ఉన్నాయి. రైతులు మాత్రం అవి కల్తీవని నమ్మారు. గడ్డకట్టడం, రంగు మారడం వంటి పైపై లోపాలను చూసి లోపలి నాణ్యత కూడా చెడిందని భావించారు. మోసం లేనిచోట మోసభయం మాత్రం అలాగే నిలిచి ఉంది, దాని వల్ల ఎరువుకు రైతు ఇవ్వదలచిన ధర తగ్గింది. విస్తరణ శాస్త్రవేత్తలు మొదటి అధ్యయనం కంటే ఈ రెండోదానిని ఎక్కువ శ్రద్ధగా చదవడం మంచిది.

తెలుగు నేల మీద ఈ భయానికి చరిత్ర ఉంది. 1997-98లో వరంగల్ ప్రాంత పత్తి రైతులను కుంగదీసిన సంక్షోభంలో పురుగు ఉధృతితో పాటు నాసిరకం మందులు, అప్పులు కూడా పాలుపంచుకున్నాయి. అప్పటి నుండి మందు డబ్బాను వెలుగుకెత్తి చూసే అలవాటు ఒక తరం రైతులకు అబ్బింది. అయినా ఊళ్లోని ఎరువుల దుకాణం మీద రైతు ఆధారపడటం మానలేదు. ఆ దుకాణదారు అరువు ఇస్తాడు, అధిక వడ్డీ కూడా కట్టుకుంటాడు, అమ్మదలచిన సరుకే మంచిదంటాడు. అతడిని ఆదర్శంగా చూపనక్కరలేదు. కాని పంట పోతే నలుగురితో వెళ్లి నిలదీయడానికి అతడి గుమ్మం ఉంది. వచ్చే ఏడు కూడా అతడు అదే వీధిలో కూర్చోవాలి. ఆన్‌లైన్ విక్రేతకు ఆ గుమ్మం లేదు. గుమ్మానికి బదులుగా చట్టం నిలబడాలి.

ఆ చట్టం ఎంత బలమైనదన్నది ప్రశ్న. 1966 విత్తన చట్టం నోటిఫై చేసిన రకాలకు కనీస ప్రమాణాలను, లేబుల్‌ను నిర్దేశించింది గాని, అందులో మొదటి నేరానికి జరిమానా 500 రూపాయలకు మించదు. 1983 విత్తన నియంత్రణ ఉత్తర్వు విక్రేతకు లైసెన్సును తప్పనిసరి చేసింది. 2022 నవంబరులో క్రిమిసంహారకాల నిబంధనలను సవరించి, లైసెన్సు గలవారు ఈ-కామర్స్ వేదికల ద్వారా పురుగుమందులు అమ్మడానికి కేంద్రం అనుమతించింది. ఆ లైసెన్సును సరిచూసే బాధ్యతను వేదిక మీద ఉంచింది. 2020 వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నిబంధనల ప్రకారం విక్రేత పేరు, చిరునామా తెలియజేయాలి. ఫిర్యాదు అందినట్లు 48 గంటలలో తెలిపి, నెలలోగా పరిష్కరించాలి. విక్రేత తానే వినియోగదారుగా నటించి సమీక్షలు రాయరాదు. సమీక్షల సేకరణ, ప్రచురణకు భారతీయ ప్రమాణాల సంస్థ 2022లో ఐఎస్ 19000 అనే ప్రమాణాన్ని కూడా వెలువరించింది. వీటన్నిటిలోనూ 'కొనుగోలు' అనేది సరుకు చేతికందడంతో ముగిసే వ్యవహారంగానే ఉంది. కాయ కాసేవరకు సాగే కొనుగోలును ఊహించిన నిబంధన వీటిలో కనిపించదు.

న్యాయస్థానం ఈ విషయంలో ముందడుగు వేసింది. జాతీయ విత్తన సంస్థకూ ఆంధ్రప్రదేశ్ రైతులకూ మధ్య నడిచిన వివాదంలో 2012 జనవరిలో తీర్పునిస్తూ, విత్తనం కొన్న రైతు వినియోగదారుడేనని, వినియోగదారుల ఫోరానికి వెళ్లవచ్చునని సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. విత్తనం లోపభూయిష్టమని తేలవచ్చునన్న అనుమానంతో ప్రతి రైతూ కొంత దాచిపెట్టుకోవాలని ఆశించలేమని కూడా పేర్కొంది. అయితే ఈ రక్షణ బిల్లు ఉన్నవారికే ఉపయోగపడుతుంది. దేశంలో అనుమతి లేని కలుపుమందు తట్టుకునే పత్తి విత్తనం వంటివి రహస్యంగా కొన్న రైతు, మోసపోయినా, నోరు విప్పలేడు. మోసగాడు అటువంటి సరుకునే ఇష్టపడటానికి కారణమూ అదే.

ఈ పరిస్థితిలో విస్తరణ వ్యవస్థ చేస్తున్న ఒక పొరపాటును ప్రస్తావించక తప్పదు. ఆన్‌లైన్‌లో అసలు విత్తనాలే కొనవద్దని సభలలో చెప్పడం తేలిక. జాతీయ విత్తన సంస్థ వంటి ప్రభుత్వ సంస్థల విత్తనం సైతం ఆన్‌లైన్‌లో లభిస్తున్న కాలంలో ఆ సలహా నిలవదు. పైగా మంచికీ చెడుకూ ఒకే ముద్ర వేసి, అకెర్లాఫ్ వర్ణించిన పతనాన్ని మనమే వేగవంతం చేసినట్లవుతుంది. రైతుకు కావలసినది తేడా గుర్తించే మార్గం. పొట్లం అందగానే ధ్రువీకృత విత్తనానికి నీలి ట్యాగు, ట్రూత్‌ఫుల్ లేబుల్ విత్తనానికి లేత ఆకుపచ్చ లేబుల్ ఉన్నదీ లేనిదీ, దాని మీద లాట్ నంబరు, పరీక్ష తేదీ, చెల్లుబాటు గడువు ఉన్నదీ లేనిదీ చూడాలి. 2023లో ప్రారంభమైన 'సాథీ' విధానం కింద క్యూఆర్ కోడ్ ఉన్నచోట దానిని స్కాన్ చేయాలి. లేబుల్ లేని విత్తనం నేలలో పడకముందే తిప్పి పంపడానికి ఆ వారం రోజుల గడువు ఉపయోగపడుతుంది. సంచిని చింపేటప్పుడు లేబుల్ చెడకుండా కింది వైపు కత్తిరించడం, బిల్లును, ప్రకటన పేజీ బొమ్మను ఫోనులో భద్రపరచడం, కోర్టు అడగకపోయినా గుప్పెడు గింజలు సంచిలోనే ఉంచడం ఖర్చు లేని పనులు.

ఫోను అడగని ఆ రెండో ప్రశ్నను అడగగల సంస్థలు మనకున్నాయి. ప్రతి జిల్లాలోనూ కృషి విజ్ఞాన కేంద్రమో, ఏరువాక కేంద్రమో రైతుల పొలాలను ఎలాగూ సందర్శిస్తోంది. ఆన్‌లైన్‌లో కొన్న విత్తనాన్ని లాట్ నంబరుతో నమోదు చేసుకుని, మొలక దశలో ఒకసారి, పూత లేదా కాయ దశలో మరొకసారి కేళీల శాతం లెక్కించి రాసిపెట్టడం స్నాతకోత్తర విద్యార్థి చేయదగిన పని. రెండు మూడు సీజన్లు కొనసాగిస్తే విక్రేతల పేర్ల మీద గాక లాట్ల మీద ఆధారపడిన సమాచారం చేతికి వస్తుంది. ఫిర్యాదు వచ్చిన పొలంలోనూ ఇదే అవసరం. జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోను చేయడంతో పాటు, పైరు నిలబడి ఉండగానే మండల వ్యవసాయ అధికారి, శాస్త్రవేత్త కలిసి చూసి నివేదిక రాయాలి. కేళీ మొక్కలు పొలంలో ఉన్నంతవరకే సాక్ష్యం ఉంటుంది. విసిగిన రైతు మరో పంటకోసం దున్నివేస్తే, విత్తనంలో లోపమున్నదని చెప్పడానికి లేబుల్, బిల్లు ఎన్ని ఉన్నా చాలవు. అందువల్ల ఫిర్యాదు అందిన తేదీకి, పొలం చూసిన తేదీకి మధ్య ఎన్ని రోజులు గడిచాయన్నది నివేదికలో మొదటి పంక్తిగా ఉండాలి.